వంటింటిలో ఇంకో ఇల్లు ఎక్కడిది?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే మాట చుట్టూ తిరగడం చేత, వాటికి విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒకచోట చేర్చడమే మేలనిపించింది. ఆ మాట ‘ఇల్లు’.

ప్రశ్న: మా మనుమరాలు తెలుగు నేర్చుకుంటూ ఒక సందేహం అడిగింది. వంట చేసుకునేది ఇంటిలో ఒక గది కదా, దాన్ని వంటగది అనక వంటిల్లు అంటారేమిటి, ఇంటిలో ఇంకో ఇల్లు ఎలా ఉంటుంది అంది. నట్టిల్లు, పడకటిల్లు కూడా అలాంటివే కదా అని అప్పుడు నాకు తట్టింది. అసలు ఇల్లు అంటే మొదట అర్థమేమిటి? తమిళులు ‘లేదు’ అనడానికి వాడే ‘ఇల్లై’కి, మన ఇల్లుకి ఏమైనా సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ మనుమరాలు మాట మూలాన్నే పట్టుకుంది. నాలుగు గోడలూ ఒక కప్పూ ఉన్న కట్టడమే ఇల్లు అని మనం మనసులో ముందే ఖాయం చేసుకున్నాం కనుక వంటిల్లు వింతగా తోస్తుంది. మాట పుట్టినప్పుడు దాని దృష్టి కట్టడం మీద లేదు. ఇల్లు అంటే ఉండే చోటు. వంటకు చోటు వంటిల్లు, పడకకు చోటు పడకటిల్లు, నడిమి చోటు నట్టిల్లు. ఆ చోటికి చుట్టూ గోడలున్నాయా, అది పెద్ద కట్టడంలో ఒక భాగమా, విడిగా నిలిచిన పాకా అన్నది ఈ మాట పట్టించుకోదు. జాతకం చెప్పేవారు ‘ఏడో ఇంట శని ఉన్నాడు’ అన్నప్పుడు కూడా వారు చెప్పేది చోటు సంగతే గాని, శనికి అక్కడ గోడలూ తలుపులూ ఉన్నాయని కాదు.

ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు, ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో ఇల్, ఇల్లమ్ అన్నవి ఇంటికి పేర్లు. మలయాళంలో ఇల్లమ్ అనే మాట ముఖ్యంగా నంబూద్రి బ్రాహ్మణుల ఇళ్ళకు నిలిచిపోయింది. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండలలో వినిపించే కువి భాషలో ఇంటిని ఇల్లు అనే అంటారు. ఆదిలాబాదు ప్రాంతపు కోలాములు ‘ఎల్ల’ అంటారు. తమిళంలో ‘ఇల్’కు ఇల్లు అనే అర్థంతో పాటు చోటు అనే అర్థం, భార్య అనే అర్థం కూడా ఉన్నాయి. ‘ఊరిల్’ అంటే ‘ఊరిలో’ అని అర్థమిచ్చే తమిళ విభక్తి ప్రత్యయం ‘ఇల్’ కూడా చోటు అనే అర్థమున్న ఈ మాట నుంచే వచ్చిందని భాషాశాస్త్రజ్ఞులలో ఒక అభిప్రాయం.

ఇక ‘ఇల్లై’ సంగతి. ధ్వనిలో ఎంత దగ్గరగా ఉన్నా, ఇవి రెండూ వేరు వేరు ధాతువులు. తమిళం, కన్నడం మాత్రమే చూస్తే ఈ తేడా కనబడదు. పైన చెప్పిన కువి భాషనే చూడండి. అక్కడ ఇల్లు ‘ఇల్లు’గానే ఉంది గాని, ‘లేదు’ అనే అర్థమున్న ధాతువు ‘హిల్’ అయింది. గోండీలో అది ‘సిల్’, ‘హిల్’ అని వినబడుతుంది. అంటే లేమిని చెప్పే ధాతువుకు మొదట ఒక హల్లు ఉండేదనీ, తమిళ కన్నడాలు దానిని పోగొట్టుకున్నాయనీ తేలుతుంది. ఇంటికి ఏ కాలంలోనూ ముందు హల్లు లేదు. మన ‘లేదు’ కూడా ఆ రెండో ధాతువు సంతానమే. కనుక ఇల్లూ లేమీ ఒకటే అనుకోవడానికి భాష ఒప్పుకోదు.

చోటు అన్న అర్థం నుంచి ఈ మాట ఎటు నడిచిందో చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అది కట్టడం వైపు ఎంత నడిచిందో, ఆ చోటిలో ఉండే మనుషుల వైపు అంతకంటె ఎక్కువ నడిచింది. ఇంటిల్లిపాదీ వచ్చారు అంటే వచ్చినవి గోడలు కావు. ఇంటిపేరు అన్నది ఏ గుమ్మం మీదా రాయకపోయినా మనిషిని వదలదు. ఊరు మారినా, అద్దె గది మారినా వెంట వస్తుంది. ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటే పెళ్ళయిందని అర్థం. ఆ కుర్రవాడికి సొంత ఇల్లు ఉండనక్కరలేదు. అతను కాపురం పెట్టిన అద్దె ఇంటికి ఒకటో తారీఖున ‘ఇంటివాడు’ వచ్చి తలుపు తట్టవచ్చు కూడాను. అద్దెకున్నవాడూ, అద్దె వసూలు చేసేవాడూ ఒకే మాటకు హక్కుదారులు కావడం తెలుగులో చెల్లింది.

ఈ రెండు అర్థాలనూ ఎదురెదురుగా నిలబెట్టిన సామెత ఒకటి ఉంది: ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు’. మొదటి ఇల్లు వంశం, రెండో ఇల్లు కట్టడం. సామెతలోని ఎత్తిపొడుపు అంతా ఈ రెంటికీ మధ్యనున్న ఎడంలోనే ఉంది. ఇల్లు అనే మాటకు ఒకే అర్థం ఉండి ఉంటే ఈ సామెత పుట్టేదే కాదు.

కట్టడం ఎలాంటిదో చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు వేరే మాటలు తెచ్చుకుంటారు. మేడ, మిద్దె, డాబా, పాక, గుడిసె అన్నవి కట్టిన తీరును చెప్పే మాటలు. పూరిల్లు, పెంకుటిల్లు అన్నప్పుడు కప్పు సంగతి పూరి, పెంకు చెబుతాయి. ఇల్లు ఆ భారం మోయదు. కోపం వచ్చినప్పుడూ, ఆపద ముంచుకొచ్చినప్పుడూ మనం ‘కొంప’ అంటాం. కొంప మునుగుతుంది, కొంపలంటుకుంటాయి, కొంపకు చేరతాం. ఇల్లు మునిగిందంటే మాత్రం వరద వచ్చిందనే అర్థం.

మీరు అడగకపోయినా వాకిలి సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. వాకిలిలోనూ ఒక ఇల్లు దాగి ఉంది. దీనికి తమిళంలో వాయిల్, వాసల్ అనీ, మలయాళంలో వాతిల్ అనీ, కన్నడంలో బాగిలు అనీ రూపాలున్నాయి. ‘వాయి’ అంటే నోరు. వాకిలి అంటే ఇంటికి నోరు. వాయి అనే మాట విడిగా ఇప్పుడు మన నోట వినబడదు గాని, వార్తాపత్రికలలో రోజూ కనబడుతూనే ఉంది. ‘మృత్యువాత పడ్డారు’ అన్నప్పటి ‘వాత’ ఆ వాయికి విభక్తి రూపమే. మృత్యువు నోట పడ్డారని అర్థం. కోస్తా జిల్లాలలో ‘వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టు’ అంటే గుమ్మం ముందున్న జాగా. రాయలసీమలో ‘వాకిలి ఏసుకో’ అంటే తలుపు మూసుకొమ్మని. ఒకరు నోటి ముందున్న నేలకు ఆ పేరు పెట్టుకున్నారు, ఇంకొకరు నోరు మూసే చెక్కకు పెట్టుకున్నారు. సీమ నుంచి కోడలు వచ్చిన కోస్తా ఇళ్ళలో మొదటి నెల ఈ మాట దగ్గర కాస్త తికమక పడతారు.

ముంగిలి, లోగిలి కూడా ఈ వరుసలోనివే. ముంగిలికి జతగా తమిళంలో ‘మున్ఱిల్’ ఉంది. ఇంటి ముందరి చోటని అర్థం. లోగిలి లోపలి చోటు. విభక్తి చేరినప్పుడు ఇవి వాకిట, ముంగిట, లోగిట అవుతాయి. అయితే ఈ ‘ట’ను చూసి తొందరపడి వ్యుత్పత్తులు చెప్పరాదు. కౌగిలి కూడా కౌగిట అవుతుంది, పిడికిలి పిడికిట అవుతుంది. వాటిలో ఇల్లు వెతకబోయే వారికి కవిత్వం దొరుకుతుందేమో గాని వ్యుత్పత్తి దొరకదు.

చివరగా నట్టిల్లు. నడు, ఇల్లు కలిసినప్పుడు ‘డ’ స్థానంలో ద్విరుక్త టకారం వస్తుంది. చిఱు, ఎలుక కలిసి చిట్టెలుక అయినట్టూ, నిడు, ఊర్పు కలిసి నిట్టూర్పు అయినట్టూ ఇదీ అయింది. మీ మనుమరాలికి ఈ మూడూ పక్కపక్కన రాసి చూపండి. తక్కినది ఆమే పట్టేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి పరీక్షలో ‘ఇల్లు’కు బహువచనం ‘ఇండ్లు’ అని రాస్తే, అది మాండలికమనీ, ‘ఇళ్ళు’ అని రాయాలనీ కొట్టివేశారు. మా ఇంట అందరం ఇండ్లనే అంటాం. ఏది సరి?
— ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: మీ అబ్బాయికి ఆ మార్కు రావలసిందే. ఇండ్లు తప్పు కాదు సరికదా, రెంటిలో ముందు పుట్టిన రూపం అదే. ఇళ్ళు దాని నుంచి తరువాత వచ్చినది. ‘ండ్ల’ అనే గుంపు పలుకుబడిలో మెత్తబడి ‘ళ్ళ’ కావడం ఈ ఒక్క మాటకు జరిగింది కాదు. పండ్లు పళ్ళయ్యాయి, ముండ్లు ముళ్ళయ్యాయి, కండ్లు కళ్ళయ్యాయి, పెండ్లి పెళ్ళయింది. ప్రాచీన కావ్యాలలో మీకు కనబడేవి చాలావరకు మొదటి రూపాలే. తెలంగాణ నోటిలో నేటికీ నిలిచినవి అవే. కోస్తా నోటిలో మారినవి రెండోవి. పాతదానిని నిలబెట్టుకున్న వారిది మాండలికమనీ, మార్చుకున్న వారిది ప్రమాణమనీ అనడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు. అయితే ఇళ్ళు అని రాసినవారిది తప్పని కూడా నేను అనను. రెండూ గ్రంథాలలో వాడుకలో ఉన్నవే.

ఈ మాట నడక వెనుక ఒక తీరు ఉంది. ఇల్లు, ఇంటి, ఇండ్లు. విల్లు, వింటి, విండ్లు. ముల్లు, ముంటి, ముండ్లు. ఏకవచనానికి విభక్తి చేరబోయే ముందు ‘టి’ వచ్చి కూర్చుంటుంది. ఇలా వచ్చే ఇ, టి, తి వర్ణాలను చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అన్నాడు. నోరు నోటి కావడం, ఏరు ఏటి కావడం, చేయి చేతి కావడం, నుయ్యి నూతి కావడం ఈ కుదురులోనివే. అయితే ‘ల్లు’తో ముగిసే ప్రతి మాటా ఈ దారి పట్టదు. కల్లు కల్లుగానే ఉంటుంది. ‘కంటి’ అనే రూపాన్ని కన్ను ముందే ఆక్రమించుకుంది కాబట్టి అదీ మంచిదే అయింది.

‘ళ్ళ’ కింద ళ వత్తా, ల వత్తా అని కూడా తరచు అడుగుతుంటారు. పత్రికలు ఎక్కువగా ‘ఇళ్లు’ అని అచ్చువేస్తున్నాయి. పలుకుబడిలో తేడా లేదు కనుక ఏది రాసినా ఒక వ్యాసమంతా అదే రాస్తే చాలు.

ప్రశ్న: ఇలవేల్పు అన్నప్పుడు ‘ఇల’ అంటే భూమి కదా. అంటే భూదేవిని కొలిచే ఆచారం నుంచి ఆ మాట వచ్చిందని ఒక ఉపన్యాసంలో విన్నాను. అలాగే ఇల్లాలు అంటే ‘ఇంటిని ఏలేది’ అని కూడా చెప్పారు. ఇవి నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: మొదటిది నిజం కాదు. భూమి అనే అర్థమున్న ‘ఇల’ సంస్కృతం నుంచి వచ్చింది. ఇలవేల్పులోని ఇల మన ఇల్లే. ఈ మాటకు ‘ఇలువేలుపు’ అనే పాత రూపం నిఘంటువులలో ఉంది. ఇల్లు సమాసంలో ముందు నిలిచినప్పుడు ‘ఇలు’ కావడం పాత వాడుక. వంశక్రమం అనే అర్థంలో ‘ఇలువరుస’ కూడా అలాంటిదే. ఇలవేల్పు అంటే ఇంటి దేవత, అనగా ఆ వంశం వారు తరతరాలుగా కొలిచే దేవత. అర్థాన్ని బట్టి చూసినా ఇదే పొసగుతుంది. ఇలవేల్పు ఇంటింటికీ వేరుగా ఉంటుంది. భూమి అందరికీ ఒకటే కదా.

రెండో దానిలో కాస్త ముచ్చట ఉంది గాని, అంత దూరం పోనక్కరలేదు. ఇల్లు, ఆలు కలిసి ఇల్లాలు. ఆలు అంటే స్త్రీ, భార్య. ఆలుమగలు అన్నప్పుడు ఉన్నది ఆ ఆలే. తమిళంలో దీనికి సాటి ఇల్లాళ్. పాత తెలుగులో బహువచనం ఇల్లాండ్రు. సంస్కృతంలో ‘గృహిణీ గృహముచ్యతే’, అంటే గృహిణియే గృహమనబడుతుంది అని ఒక సూక్తి ఉంది. తమిళంలో ‘ఇల్’ అనే ఒక్క మాటే ఇంటినీ భార్యనూ చెబుతుందని పైన రాశాను. మన ఊళ్ళలో ‘మా ఇంటిది’ అనే పెద్దలు సూక్తులేవీ చదవకుండానే ఆ మాట అంటున్నారు. ఆ పిలుపు వినడానికి ఈనాడు మొరటుగా ఉందనే వారితో నాకూ పేచీ లేదు.

ఇదే కుదురులో ఇంకో మాట ఉంది, ఇల్లటం. ఇప్పుడు ఇల్లరికం అంటున్న దానికి అది పాత పేరు. ఇల్లరికపు అల్లుణ్ణి ఇల్లటపుటల్లుడు అనేవారు. కొడుకులు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని ఆస్తిలో హక్కు ఇచ్చే ఈ ఆచారం మద్రాసు ప్రెసిడెన్సీలోని కొన్ని తెలుగు కులాలలో బలంగా ఉండడం చేత, బ్రిటిషు కాలపు న్యాయస్థానాలు దీనిని గుర్తించి, తెలుగు పేరుతోనే తీర్పులలో వాడాయి. ఇంగ్లీషు తీర్పుల నడుమ ‘ఇల్లాటం’ అన్న మాట కనబడితే అచ్చుతప్పు అనుకోవద్దు.

ప్రశ్న: ఇల్లు ద్రావిడ భాషలన్నిటికీ ఉమ్మడి మాట అయితే, తమిళులు వీడు అనీ, కన్నడిగులు మనె అనీ ఎందుకంటున్నారు? మన కోవెలలో కూడా ఇల్లు ఉందంటారు, అది ఎంతవరకు నిజం?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రెండు రాష్ట్రాల సరిహద్దున ఉన్నారు కనుక ఈ ప్రశ్న మీకు రావడం సహజమే. కోవెల సంగతి ముందు తేల్చుదాం. అది నిజమే. తమిళంలో ‘కో’ అంటే రాజు, దేవుడు. ‘కోయిల్’ అంటే రాజు ఉండే ఇల్లు, దేవుడు ఉండే ఇల్లు. ‘కోవిల్’ అనేది దానికే మరో రూపం. అదే మన దగ్గర కోవెల. మనకు సొంతంగా ఉన్న ‘గుడి’ది వేరే దారి. గుడి, గుడిసె ఒకే ధాతువువి. తమిళంలో ‘కుడి’ అంటే నివాసం, కుటుంబం. దేవుడు ఉండే చోటుకూ, పేదవాడు ఉండే చోటుకూ ఒకే మాట చాలునని మన పూర్వులకు తోచింది.

ఇక వీడు, మనె. ఒక భాషలో ఒకే అర్థానికి రెండు మూడు మాటలుంటే కాలక్రమాన ఒకటి రోజువారీ పనికి నిలిచి, తక్కినవి పక్కకు తప్పుకుంటాయి. తమిళంలో రోజువారీ మాట వీడు అయింది. ‘ఇల్’ కావ్యాలకూ, గంభీరమైన మాటలకూ మిగిలింది. తమిళ నీతిగ్రంథం తిరుక్కుఱళ్‌లో గృహస్థ జీవనాన్ని చెప్పే అయిదో అధ్యాయానికి ‘ఇల్వాళ్‌క్కై’ అని పేరు. తెలుగులో దీనికి ఎదురుగా జరిగింది. ఇల్లు వీధిలో నిలిచింది.

అట్లని ఆ రెండు మాటలూ తెలుగులో లేవనుకోవద్దు. మనెకు మూలమైన ‘మను’ అనే ధాతువు బతకడం, ఉండడం అనే అర్థంలో మనకూ ఉంది. మనుగడ, మనికి దాని రూపాలు. వీడు అనేది విడుచు అనే అర్థమున్న ‘విడు’ ధాతువు నుంచి వచ్చింది. ప్రయాణం చేసేవారు బరువులు దించి, బళ్ళు విడిచి ఆగే చోటు వీడు. తమిళంలో అది ఇల్లయింది. తెలుగులో మజిలీ, ఊరు, పట్టణం అయింది. రెడ్డిరాజుల రాజధాని కొండవీడు పేరులో ఉన్నది ఈ వీడే. ఆ ధాతువు నుంచే విడియడం, విడిది వచ్చాయి. పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారు సామాన్లు దించుకుని రెండు రోజులు ఉండడానికి ఇచ్చే ఇంటిని మనవాళ్ళు విడిదిల్లు అంటారు. ఆ ఒక్క మాటలో తమిళుల వీడూ, మన ఇల్లూ పక్కపక్కనే ఉన్నాయి.